రాళ్ళవంపు శిబిరానికి వెళ్ళిన నిచ్చెన

నేను ఒక ఇనుప నిచ్చెనను. పద్దెనిమిది అడుగుల పొడవు, పదహారు మెట్లు. మనుషులు నన్ను ఎక్కి పైకి పోతారు, పని కాగానే గోడవారన పడేసి మరిచిపోతారు. దానికి నాకేమీ బాధ లేదు, నిచ్చెన బతుకే అంత. కానీ ఒక మధ్యాహ్నం నా గుండా ఒక పిల్లవాడి ప్రాణం పోయింది. పోయినవాడి మీద ఒక అబద్ధం కాగితానికి ఎక్కింది. దాన్ని కిందికి దించడానికి ఇద్దరు ఆడవాళ్ళకు ఐదేళ్ళు పట్టింది. ఆ సంగతి చెబుతాను.

నేను పుట్టింది తాటిగుట్ట ఐటీఐలో, వెల్డింగ్ షాపులో. పాలమూరు వైపు ఎర్రమట్టి నేలల మధ్య రేకుల కప్పుతో ఉండే బడి అది. చుట్టుపక్కల ముప్పై ఊళ్ళ పిల్లలు పదో తరగతి గట్టెక్కి, పై చదువులకు దారి లేక, చేతిలో ఒక పని ఉంటే చాలునని అక్కడికి వచ్చేవారు. వెల్డర్ ట్రేడు చెప్పే జహంగీర్ సారు ఒక ఏడు పాత నీళ్ళ పైపులు తెప్పించి, పరీక్షకు తప్ప దేనికీ పనికిరాని చిన్న చిన్న ముక్కలు అతికించే బదులు పదిమందికీ పనికొచ్చేది చేద్దామని పిల్లల చేత నన్ను చేయించాడు.

ఆయన మాట తక్కువ మనిషి. అతుకు బాగా లేకపోతే తిట్టడు. గ్రైండరుతో కోసి మళ్ళీ పిల్లవాడి చేతికే ఇస్తాడు. "నిచ్చెన జేసేటప్పుడు కిందికెల్లి చూడకుండ్రి. మీద నిలబడ్డోడు మీ తమ్ముడనుకోండ్రి" అని మాత్రం అన్నాడు ఒకసారి.

ఆ బ్యాచీలో కురుమూర్తి అని ఒక పిల్లవాడు ఉండేవాడు. తండ్రి లేడు. తల్లి ఈదమ్మ పత్తి చేలల్లో కూలికి పోయేది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏ పని చెప్పినా "సరే సార్" అనడమే తప్ప ఎందుకని అడిగేవాడు కాదు. మెత్తనివాడని తోటివాళ్ళు వాడుకునేవారు. చెత్త ఊడ్వాలన్నా, వెల్డింగ్ మిషను జరపాలన్నా, ఆగస్టు పదిహేనుకు జెండా కర్ర పాతాలన్నా అతన్నే పిలిచేవారు. నా పదహారు మెట్లలో ఏడెనిమిది అతనే అతికించాడు.

బడిలో నాకు పనికి కొదవ లేదు. ఏటా వానాకాలం మొదట్లో మొక్కలు నాటే కార్యక్రమం ఉండేది. పోయినేడు ఎండిపోయిన మొక్కల్ని పీకి అవే గుంతల్లో కొత్త మొక్కలు పెట్టి ఫొటో దిగేవారు. ఆ ఫొటో పైనుంచి తీయడానికి నన్ను ఎక్కేవారు. ఆయుధపూజ రోజు నాకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి దండం పెట్టేవారు. మర్నాడు ఆ దండతోనే నన్ను లాక్కుపోయి ట్యాంకుకు ఆనించేవారు.

నవనీతను నేను మొదట చూసింది అలా బడి పనులకు తిరుగుతున్న రోజుల్లోనే. ఎలక్ట్రీషియన్ ట్రేడులో రెండో ఏడు చదువుతోంది, ఆ బ్యాచీలో ఒక్కతే ఆడపిల్ల. గొర్రెలు కాసే ఇంటి పిల్ల. ఆడపిల్లకు కరెంటు పనేమిటని తండ్రి అంటే రెండు పూటలు అన్నం మానేసి చేరింది. మెయిను ఆపి, ఆఫీసు బయటి గోడ మీది ట్యూబులైటు మార్చాలని ఆమె నన్ను ఎక్కబోతే కింద మగపిల్లలు గుంపుగా చేరారు, ఇకిలింపులు మొదలయ్యాయి. అప్పుడు కురుమూర్తి వచ్చి నా రెండు కాళ్ళూ పట్టుకుని, తల బాగా కిందికి దించి నిలబడ్డాడు.

"పట్టుకున్న. ఎక్కు" అన్నాడు.

ఆమె దిగేదాకా నేలను తప్ప దేన్నీ చూడలేదు. ఇకిలింపులు వాటంతట అవే ఆగిపోయాయి. ఆ తరువాత ఎక్కడ ఎత్తున పని ఉన్నా నన్ను పట్టుకోవడానికి నవనీత అతన్నే పిలిచేది. వాళ్ళ మధ్య ప్రేమా దోమా ఏమీ లేదు. ఒకరు ఎక్కితే ఇంకొకరు పట్టుకుంటారన్న నమ్మకం మాత్రం ఉండేది. నిచ్చెనగా నాకు తెలిసిన బంధం అదొక్కటే.

నవంబరులో రాళ్ళవంపు అనే ఊరికి సేవా శిబిరం వేశారు. వారం రోజులు ముప్పైమంది పిల్లలు ఆ ఊరి బడిలోనే వండుకు తిని, ఊరికి కావలసిన పనులన్నీ చేసిపెట్టాలి. శిబిరం బాధ్యత ఎలక్ట్రీషియన్ ట్రేడు సుదర్శన్ సారుది. ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పిల్లలతో పాటు నేల మీద పడుకునేవాడు, వాళ్ళు తిన్నాకే తినేవాడు. అయితే ఆయనకు ఒక కోరిక ఉండేది. జిల్లాలో మంచి శిబిరమని ఏటా ఒక బడికి షీల్డు ఇస్తారు. తాటిగుట్టకు అది ఎన్నడూ రాలేదు. ఈసారి వచ్చి తీరాలని ఆయన పంతం.

ఎత్తు పనులకు వెదురు నిచ్చెన ఒకటి ఉండాలి. కరెంటు పనికి ఇనుము పనికిరాదని వాళ్ళ పుస్తకంలోనే ఉంది. కానీ బడిలోని వెదురు నిచ్చెన చెదలు పట్టి రెండు మెట్లు ఊడిపోయింది. సుదర్శన్ సారు వచ్చి అడిగితే జహంగీర్ సారు కొంచెంసేపు తటపటాయించాడు.

"కరెంటు పనికి వద్దు సార్ ఇది" అన్నాడు.

"గోడల పనికే సార్. సున్నాలు, గేటు, గంతే" అన్నాడు ఆయన.

నన్ను ట్రాక్టరు మీద వేసుకుని వెళ్ళారు.

ఆ ఆరు రోజులూ నా బతుకులో మంచి రోజులు. పాడుబడిన చేతిపంపును విప్పి బాగుచేశారు. నాలుగేళ్ళ తరువాత నీళ్ళు పడితే ఊరి ఆడవాళ్ళు బిందెలు తెచ్చి వరసగా నిలబడ్డారు. కురుమూర్తి బడి గేటు అతికించాడు. ఒక పోలియో పిల్ల బడి మెట్లు ఎక్కలేక దేకుతుంటే చూసి, ఎవరూ చెప్పకుండానే, మిగిలిన పైపు ముక్కలతో మెట్ల పక్కన కమ్మీ పెట్టాడు. అతను చెప్పకుండా చేసిన పని నేను చూసింది అదొక్కటే. నవనీత ఇల్లిల్లూ తిరిగి ఊడిపోయిన బోర్డులు, బయటపడిన తీగలు సరిచేసింది. మొదటిరోజు "ఈ పిల్లకేం తెలుస్తది" అన్న ముసలివాళ్ళు నాలుగో రోజు తమ ఇంటికి రమ్మని కబురు పెట్టారు.

ఐదో రోజు ఊరి పెద్దమనిషి ఒకాయన సుదర్శన్ సారును బడి ఆవరణ మూలకు తీసుకుపోయి చెట్ల పక్కగా పోయే పెద్ద కరెంటు లైను చూపించాడు. నేను అక్కడే గోడకు ఆని ఉన్నాను. నవనీత నా మీద నిలబడి గోడకు కొక్కెం దిగ్గొడుతోంది.

"సారూ, జెర ఆ తీగలు చూడుండ్రి. ఎట్ల ఏలాడుతున్నయో. గడ్డి బండి పోతె తాకేటట్టున్నయి. మూడు మాట్ల అర్జీ పెట్టినం, ఒక్కడు రాలే."

"రాసి పంపుదం తాతా. శిబిరం రిపోర్టుల పెడ్త" అన్నాడు సుదర్శన్ సారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు కూడా.

ఏడో రోజు ముగింపు సభ. మూడు గంటలకు పెద్దలు వస్తారన్నారు. రెండున్నరకు సుదర్శన్ సారు రోడ్డు దాకా వెళ్ళి చూసి వచ్చి, శిబిరం పేరు రాసిన ఫ్లెక్సీ అక్కడికి కనిపించడం లేదన్నాడు. దాన్ని బడి గోడ మీంచి విప్పి, మూలనున్న కానుగ చెట్టుకు ఎత్తుగా కట్టమన్నాడు. ఆ చెట్టు పక్క నుంచే ఆ లైను పోతుంది. చేతిపంపు దగ్గర పొంగిన నీళ్ళు అటువైపే పారి నేలంతా బురదగా ఉంది. వంటపని చేసి కాళ్ళు కడుక్కున్న పిల్లలు చెప్పులు లేకుండానే ఉన్నారు.

నన్ను ఎత్తడానికి ముగ్గురు వచ్చారు. మధ్యలో కురుమూర్తి. వాళ్ళు నన్ను పడుకోబెట్టి భుజాన వేసుకోబోతుంటే సుదర్శన్ సారు అటునుంచి కేక వేశాడు.

"పండబెట్టకుండ్రిరా. మల్ల లేపుడు ఇంకో పది నిమిషాలైతది. నిలబెట్టే పట్టుకపోండ్రి."

మైకు తీగలు చుడుతున్న నవనీత లేచి వచ్చింది.

"సార్, మీద లైనుంది. పండబెట్టి తీస్కపోతె మంచిగుంటది. లేకపోతె ఆఫీసుకు ఫోన్ జేసి ఎల్సీ తీస్కుందం." లైను ఆపించి పని చేసుకోవడానికి తీసుకునే అనుమతిని వాళ్ళు ఎల్సీ అంటారు.

"చెట్టుకు ఫ్లెక్సీ కట్టనీకి ఎల్సీ ఏంది నవనీతా. ఆళ్లు ఇచ్చేటాల్లకు సభే అయిపోతది. చూస్కుంట పోతరు తియ్. నువ్వు మైకు చూడుపో."

ఆమె ఒక్క క్షణం అక్కడే నిలబడింది. కురుమూర్తి ఆమె వైపు చూశాడు. ఆమె మైకు దగ్గరికి వెళ్ళిపోయింది.

నన్ను నిలబెట్టి మోసుకుపోయారు. పద్దెనిమిది అడుగుల నిచ్చెన నిలువుగా ఉంటే మోసేవాళ్ళ చూపు కాళ్ళ మీదే ఉంటుంది, బురదలో జారకుండా. పైన ఏముందో నాకు ఒక్కదానికే కనబడుతుంది. నాకు నోరు లేదు. చెట్టుకు నాలుగడుగుల దూరంలో నా తల తీగకు తగిలింది.

కరెంటుకు దారి ఇవ్వడం ఇనుము స్వభావం. ఇచ్చాను. పక్కనున్న ఇద్దరూ ఎగిరి అవతల పడ్డారు, చేతులు కాలినా బతికారు. మధ్యలో ఉన్న కురుమూర్తి రెండు చేతులూ నన్ను విడవలేదు. విడవడానికి ఆ చేతులు అప్పటికి అతనివి కావు. సబ్‌స్టేషనులో కరెంటు దానంతటదే ఆగిపోయాక నేను ఒరిగి బురదలో పడ్డాను. నాతో పాటు అతనూ పడ్డాడు.

ఎలక్ట్రీషియన్ క్లాసు గోడకు ఒక పెద్ద పటం ఉంటుందట, షాకు కొట్టిన మనిషికి ఊపిరి ఎలా పోయాలో బొమ్మలతో. క్లాసులో అది నేర్పేటప్పుడు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుకునేవారని నవనీత తరువాత కోర్టులో చెప్పింది. ఆ పటంలో ఉన్నట్టే ఆమె బురదలో మోకాళ్ళ మీద కూర్చుని కురుమూర్తి ఎదురు రొమ్ము నొక్కింది. ముప్పై లెక్కపెట్టి ఆపి, నోట్లోకి ఊపిరి ఊది, మళ్ళీ నొక్కింది. అలిసిపోతే సుదర్శన్ సారు నొక్కాడు. ఆయన ఏడుస్తూ నొక్కాడు. నలభై నిమిషాలకు అంబులెన్సు వచ్చింది. అందులోని మనిషి చేయి పట్టి చూసి, కళ్ళు తెరిచి చూసి, "చాలు సార్" అన్నాడు.

సభకు రావలసిన పెద్దలు ఊరి పొలిమేర నుంచే వెనక్కి తిరిగిపోయారు.

ఆ సాయంత్రం పొద్దు ఇంకా ఉండగానే ప్రిన్సిపాల్ వచ్చాడు. బడి వరండాలో పిల్లలందరినీ కూర్చోబెట్టారు. నన్ను ఆ వరండా కిందికే లాగి పడేశారు కాబట్టి అంతా విన్నాను. ఒక కాగితం ముందే రాసి ఉంది. కురుమూర్తి అనే విద్యార్థి ఎవరికీ చెప్పకుండా, సార్ల మాట వినకుండా, సొంత ఇష్టంతో నిచ్చెన తీసుకుపోయి ప్రమాదం తెచ్చుకున్నాడని అందులో ఉంది.

"పోయినోడు పోయిండు. బడి మూతబడితె మీ అందరి బతుకులు ఆగమైతయి. ఫైనల్ పరీక్షలు ముందరున్నయి. సంతకం పెట్టుండ్రి" అన్నాడు ప్రిన్సిపాల్. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టే అన్నాడు.

సుదర్శన్ సారు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతుల బురద అట్లాగే ఎండిపోయి ఉంది. అవునని అనలేదు, కాదని అనలేదు.

పిల్లలు ఒక్కొక్కరే లేచి పెట్టారు. చేతులు కాలి ఆసుపత్రికి పోయిన ఇద్దరి తరఫున, కబురంది వచ్చిన వాళ్ళ అన్నలు పెట్టారు. నవనీత చివరిదాకా కూర్చుంది. ఆమెకు పెద్ద కంపెనీలో అప్రెంటిస్ కోసం పేరు పంపవలసింది సుదర్శన్ సారే. చదువు ఆగితే పెళ్ళే. ఆమె కలం పట్టుకుని చాలాసేపు ఆ కాగితం చూసింది. పెట్టింది. పెట్టి, వరండా మెట్లు దిగి, చేతిపంపు దగ్గరికి పోయి చేతుల బురద కడుక్కుంది.

మర్నాడు పోలీసులు నన్ను జీపు మీద కట్టుకుని స్టేషనుకు తీసుకుపోయారు. కాలిన గుర్తులున్న చోట సున్నం గీత గీశారు, మెడకు ఒక చీటీ కట్టారు. స్టేషను వెనక వేపచెట్టు కింద పాత మోటారు సైకిళ్ళ పక్కన పడేశారు.

పదిరోజుల తరువాత ఒక పొద్దున ఈదమ్మ వచ్చింది. పొట్టి మనిషి. పత్తి ఏరి ఏరి వేళ్ళ కొసలు పగిలి ఉన్నాయి. ఎస్సై లేడని చెబితే వేపచెట్టు నీడన కూర్చుంది. ఆమె కూర్చున్నది నా మీదే. అది ఆమెకు తెలియదు. చాలాసేపటికి ఒక కానిస్టేబులు వచ్చి, ఇబ్బందిగా చూసి, "అవ్వా, జెర లేచి ఇటు కూసో. అది గదే, నీ కొడుకు కేసుల నిచ్చెన" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. వంగి నా అతుకుల మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తడిమింది.

"ఇది ఆడు జేసిందేనా?" అని అడిగింది. కానిస్టేబులుకు తెలియదు.

ఆమె ఆ తరువాత రోజూ వచ్చింది. పని మానుకుని వచ్చి అక్కడే కూర్చునేది. ఎవరేమి అడిగినా ఒకటే మాట. "నా కొడుకు చెప్పినమాట ఇనలేదని రాసిన్రంట. అది తీసెయ్యమను సారూ." ఇంకేమీ అడగలేదు. సర్కారు సాయం వస్తుందని ఎవరో చెబితే తల అడ్డంగా ఊపింది. "ఇన్నేండ్లల ఒక్కనాడు గూడ నా మాట జవదాటలే. ఊరంత నన్నడుగుతున్నరు, గట్ల మొండోడెట్లైండని."

మూడో వారంలో సాక్షుల మాట రాసుకోవడానికి శిబిరంలో ఉన్న పిల్లల్ని ఒక్కొక్కరినే స్టేషనుకు పిలిచారు. నవనీత వచ్చిన రోజు ఈదమ్మ చెట్టు కిందే ఉంది. ఐటీఐ యూనిఫాం చూసి పిలిచింది.

"బిడ్డా, నువ్వా ఊపిరూదిన పిల్లవు?"

నవనీత తల ఊపింది.

"నీ కడుపు సల్లగుండ. కూసో." ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. "ఒక్కటి అడుగుత. ఆడ నువ్వు ఉన్నవు గదా. నా కొడుకు చెప్పినమాట ఇనలేదా?"

నవనీత నా వైపు చూసింది. చీటీ మీదికి వేపాకులు రాలుతున్నాయి.

"ఇన్నడు పెద్దమ్మా" అంది చివరికి. "చెప్తెనే ఎత్తిండు. నిలబెట్టి తీస్కపొమ్మని సార్ చెప్పిండు. నేను వద్దన్న. సార్ నన్ను పొమ్మన్నడు. నేను పోయిన. తర్వాత కాయితం మీద ఉల్టా రాస్తె దానికి గూడ సంతకం పెట్టిన."

ఈదమ్మ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "మరి గదే లోపట చెప్పు" అంది.

నవనీత లేచి లోపలికి వెళ్ళింది. కిటికీ లోంచి నాకు వినిపించింది. ఎస్సై అంటున్నాడు, "అందరు ఒక తీరు రాసిన్రు. నువ్వొక్కదానివి మార్చి చెప్తె ఏమైతదో ఎర్కేనా?" ఆమె ఒక తెల్లకాగితం అడిగి, తన చేతితోనే రాస్తానంది. లైను గురించి తాత చెప్పిన మాట, సారు చిన్న పుస్తకంలో రాసుకున్నది, నిలబెట్టి పట్టుకుపొమ్మన్నది, తను వద్దన్నది, ఆఖరున తను అబద్ధానికి సంతకం పెట్టింది కూడా రాసింది. రాసినదాన్ని ఒకసారి పైకి చదివి, సంతకం పెట్టి ఇచ్చి వచ్చింది.

ఆ మాట ఖరీదు ఆమె కట్టింది. ఫైనల్ ప్రాక్టికల్స్‌లో ఆమె ఒక్కతే తప్పింది. అప్రెంటిస్‌కు వేరే పేరు పోయింది. ఒక ఏడు పోయాక మళ్ళీ రాసి పాసై, తాటిగుట్టలో కాలిన మోటార్లకు తీగ చుట్టే షాపులో పనికి కుదిరిందని ఈదమ్మ కానిస్టేబులుతో చెబుతుంటే విన్నాను. వెంట చదివినవాళ్ళు ఆమె ఎదురైతే పక్క సందులోకి తిరిగేవారట.

రాళ్ళవంపులో లైను మాత్రం కురుమూర్తి పోయిన పదిరోజుల్లోనే ఎత్తు చేశారట, రెండు కొత్త స్తంభాలు పాతి.

కేసు ఐదేళ్ళు నడిచింది. నాలుగుసార్లు నన్ను కోర్టుకు తీసుకుపోయారు. ప్రతిసారీ ఏదో వాయిదా. కోర్టు ఆవరణలో నన్ను గోడకు ఆనించి పోతే వకీళ్ళు నా మెట్ల మీద కోట్లు ఆరేసుకునేవారు. ఆఖరి ఏడాది అసలు విచారణ మొదలైంది, నన్ను కోర్టు హాలు గుమ్మం పక్కనే వరండాలో ఆనించారు. ఒకప్పటి పిల్లలు, ఇప్పుడు మీసాలు వచ్చి పెళ్ళిళ్ళైనవాళ్ళు, ఒకరి తరువాత ఒకరు వచ్చి మాకు గుర్తు లేదన్నారు. చేతులు కాలిన ఇద్దరూ కూడా అదే మాట. అందులో ఒకడు మాట్లాడుతూ తన మచ్చలు కనబడకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

జహంగీర్ సారు అప్పటికి రిటైరయ్యాడు. ఈ నిచ్చెన ఎవరు ఇచ్చారని అడిగితే, "నేనే ఇచ్చిన. సుదర్శన్ సారు అడిగిండు. పిల్లలు ఎవ్వరూ వచ్చి అడగలే. ఇయ్యకుండ ఉండాల్సింది" అన్నాడు. ఆ చివరి మాట ఎవరూ అడగలేదు.

నవనీత సాక్ష్యం చెప్పవలసిన రోజు భోజనాల వేళ సుదర్శన్ సారు వరండాలో ఆమె దగ్గరికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. నేను వాళ్ళకు రెండు గజాల దూరంలో ఉన్నాను. ఆయన నా వైపు చూడకుండా నిలబడ్డాడు.

"నీ మాట ఇని ఉంటె ఇదంత గాకపోవు నవనీతా. రోజూ అనుకుంట" అన్నాడు.

"ఆ మాట లోపట చెప్పుండ్రి సార్" అంది ఆమె.

చెబుతాడనే నేను అనుకున్నాను. లోపలికి పిలిచినప్పుడు ఆయన వకీలు మాట్లాడాడు, ఆయన మాట్లాడలేదు.

నవనీత మాట్లాడింది. రెండు గంటలు ఆమెను అటు తిప్పి ఇటు తిప్పి అడిగారు. అబద్ధానికి సంతకం పెట్టినదానివి, ఇప్పుడు నిజమే చెబుతున్నావని నమ్మకమేమిటి అన్నాడు వకీలు. "అప్పుడు భయపడ్డ. ఇప్పుడు గూడ భయమే ఉంది. అయినా చెప్తున్న" అంది ఆమె. సుదర్శన్ సారు చిన్న పుస్తకం కోర్టు తెప్పించింది. లైను గురించి రాసుకున్న మాట అందులో అలాగే ఉంది, ఆ రోజు తేదీతో.

తీర్పు వచ్చింది. సుదర్శన్ సారుకు శిక్ష పడింది. ఆయన పైకోర్టుకు పోయి, బెయిలు మీద బయటికి వచ్చాడు. ప్రిన్సిపాల్ పేరు కేసులోనే లేదు. తీర్పు విన్న రోజున ఎవరి ముఖంలోనూ సంతోషం చూడలేదు నేను.

నెల తరువాత తీర్పు నకలు తీసుకోవడానికి ఈదమ్మ, నవనీత ఇద్దరూ వచ్చారు. అదే రోజు కోర్టు వెనక ఉన్న పాత వస్తువులన్నిటినీ తుక్కు వాళ్ళ లారీకి ఎక్కిస్తున్నారు. నా ఫొటోలు ఫైలులో ఉన్నాయి చాలన్నారు, బడివాళ్ళు నేను అక్కర్లేదని రాసి ఇచ్చారట. నన్ను లారీ పక్కన పడేసి, ముందు మోటారు సైకిళ్ళు ఎక్కిస్తున్నారు. వాళ్ళిద్దరూ పక్కనే అరుగు మీద కూర్చున్నారు.

"రాసిన్రా?" అని అడిగింది ఈదమ్మ.

నవనీత కాగితాలు తిప్పి ఒక చోట ఆగింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మెల్లగా తెలుగు చేస్తూ చదివింది. "చనిపోయిన కురుమూర్తి తన ఇష్టంతో నిచ్చెన తీస్కపోయిండన్నది అబద్ధం. సార్ చెప్పిన పనే ఆయన చేసిండు. ఆయన తప్పు ఏం లేదు."

"ఇంకోసారి సదువు."

చదివింది. ఈదమ్మ మూడోసారి కూడా చదివించుకుంది. ఆ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూపించమని అడిగి, నవనీత వేలు పెట్టిన చోట తన గోటితో కాగితం మీద గట్టిగా ఒక గీత గీసింది. నన్ను లారీ మీదికి విసిరినప్పుడు చప్పుడుకు ఇద్దరూ తల ఎత్తారు. నవనీత నన్ను గుర్తుపట్టింది. ఈదమ్మకు చెప్పలేదు.

ఇప్పుడు నేను హైవే పక్కన తుక్కు షెడ్డులో ఉన్నాను. నిన్న గ్యాసు కట్టరుతో సగం కోశారు. కింది ఎనిమిది మెట్లు ఒక కుప్పలో ఉన్నాయి, పై ఎనిమిది నాతో ఉన్నాయి. పొద్దుటి నుంచి వాన పడుతుంటే పని ఆపారు. వెలిస్తే మిగతాది కూడా అయిపోతుంది. ఈలోగా చెప్పేద్దామని చెప్పాను.